చాయ్ జాలీలో సూదులు

ఆ రోజు ఆరో అంతస్తు లేడీస్ వాష్‌రూమ్‌లో అద్దం పైఅంచు తుడిచారో లేదో చూద్దామని కుడిచెయ్యి ఎత్తాను. భుజం ఎత్తు దాటి చెయ్యి లేవలేదు. ఇంకొంచెం బలవంతంగా ఎత్తబోతే భుజంలోంచి మోచేతి దాకా నొప్పి దిగి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని కాసేపు వాష్‌బేసిన్‌కు ఆనుకుని నిలబడ్డాను. పడుకున్నప్పుడు చెయ్యి కింద పడి ఉంటుందిలే అనుకుని, ఎడమ వేలితో అద్దం చూసి వచ్చేశాను.

నేను నానక్‌రామ్‌గూడలో ఒక ఐటీ టవర్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. పేరు సుజాత. మాది సిద్దిపేట దిక్కు. మా ఆయన మల్లేశం షేర్ ఆటో నడుపుతాడు. పిల్లలతో టవర్ వెనక పాత ఊళ్లోనే కిరాయికి ఉంటాం. నా పని ఒక్క మాటలో చెప్పాలంటే మురికి వెతకడం. అద్దం మధ్యలో ఎవరైనా తుడుస్తారు, పైఅంచు మీద ఎవరూ తుడవరు. కుళాయి వెనక వైపు, తలుపు గడియ మీద, సబ్బు డబ్బా అడుగున నేను వేలు పెట్టి రాసి చూస్తాను. వేలికి నల్లగా అంటితే మళ్లీ తుడవాల్సిందే. నన్ను చూస్తే నా కింద పనిచేసే ఆడవాళ్లు ‘వేలు మేడమ్ వస్తుంది’ అని ఒకరికొకరు చెప్పుకుంటారని నాకు తెలుసు. చెప్పుకోనీ. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇన్ని కళ్లున్న నేనే ఒకచోట కళ్లు మూసుకుని పడుకున్నాను. ఆ అసహ్యం నాకింకా పోలేదు.

కొన్ని వారాలు గడిచేసరికి జడ వేసుకోలేకపోయాను. జాకెట్ హుక్కులు పెట్టుకోవాలంటే యుద్ధమే. బస్సులో పైన కడ్డీ పట్టుకోలేను. మల్లేశం బామ్ రాసి రాసి ఇల్లంతా ఆ వాసనే.

“బరువు గిట్ల ఎత్తినవా?” అని అడిగాడు.

“మాప్ కర్ర కూడా ఎత్తుత లేను. నేను ఎత్తేది ఒక్క వేలే” అన్నాను.

అప్పటికి నవ్వుకున్నాం గానీ, మా ఏజెన్సీ మేనేజర్ గమనించాడు. నేను అన్నీ ఎడమచేత్తో చూస్తున్నానని, కొత్తవాళ్లకు చేసి చూపించలేకపోతున్నానని. “చెయ్యి బాగు చేయించుకోండి సుజాతా. శుభ్రత ఆడిట్ ఉంది. చేయలేకపోతే ముందే చెప్పండి, వేరే సూపర్‌వైజర్‌ని చూసుకుంటాం” అన్నాడు. మంచిగానే అన్నాడు. కానీ నాకు అర్థమైంది. నా ఉద్యోగం ఆ కుడిచెయ్యి పైకి లేవడం మీద ఉంది. ఆ చెయ్యి పోతే నాకు వేరే పని రాదు, ఈ పని మీద నాకున్న పొగరు కూడా పోతుంది. పొగరే అంటాను, వేరే మాట లేదు.

కూకట్‌పల్లిలో ఒక ఆస్పత్రిలో ఆర్థో డాక్టర్‌కు చూపించుకున్నాను. ఎక్స్‌రే తీశారు, షుగర్ టెస్టు చేశారు. షుగర్ ఉన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. డాక్టర్ నా చెయ్యి పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి, “ఫ్రోజెన్ షోల్డర్ అమ్మా. షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువ వస్తుంది. లోపల పొర బిగుసుకుపోయింది” అన్నాడు.

“ఎన్ని రోజులల్ల తగ్గుతది సార్?”

“రోజులు కాదు, నెలలు. ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఫిజియోథెరపీ చెయ్యాలి, ఇంట్లో ఎక్సర్‌సైజులు మానకూడదు, షుగర్ కంట్రోల్‌లో పెట్టుకోవాలి. షార్ట్‌కట్ ఏమీ లేదు.”

నిజం అంతే. ఆయన ఆ రోజే చెప్పాడు. కానీ అది వినడానికి బాగుండదు. ఫిజియోథెరపీలో ఒక అమ్మాయి నా చెయ్యి పట్టి లాగుతుంటే పళ్లు బిగపట్టేదాన్ని. ఇంట్లో చేయమన్నది ఏమిటంటే, గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా గోడ ఎక్కడం. వంటింటి గోడ మీద వేళ్లు ఎంతదాకా వెళ్తే అంతదాకా కాటుక పెన్సిల్‌తో గీత గీసేదాన్ని. వారం తర్వాత కూడా గీత మీదే గీత పడేది. మా ఆడిట్ దగ్గరపడుతోంది. విసుగొచ్చింది.

అదే సమయంలో మా టవర్ ఫుడ్‌కోర్టులో వెల్‌నెస్ క్యాంప్ పెట్టారు. కంపెనీవాళ్లు అప్పుడప్పుడు పెడతారు. ఒకసారి కళ్ల పరీక్ష, ఒకసారి పళ్ల పరీక్ష. ఈసారి ఆక్యుపంక్చర్. బ్యాడ్జీ వేసుకున్న ఐటీ పిల్లలు మెడ పట్టుకుని, నడుము పట్టుకుని క్యూలో నిలబడ్డారు. చివర్లో అడ్మిన్ మేనేజర్ మాతో కూడా, “మీలో ఎవరైనా చూపించుకుంటారా?” అన్నాడు. నేను వెళ్లాను.

అక్కడున్నాయన తెల్ల కోటు వేసుకుని, మెత్తగా మాట్లాడాడు. మాట తీరు చూస్తే కోస్తా వైపు మనిషి. అందరూ ఆయన్ను సార్ అంటున్నారు, నేనూ అలాగే అంటాను. ఆయన నా కళ్ల ముందే ఒక చిన్న ప్యాకెట్ చింపి, వెంట్రుకంత సన్నటి సూది తీసి నా మోకాలి కింద గుచ్చాడు. నొప్పి భుజంలో ఉంటే కాలికి గుచ్చడమేమిటని నాకు ఆశ్చర్యం. “ఇప్పుడు చెయ్యి కదిపి చూడండమ్మా” అన్నాడు. నొప్పి తగ్గినట్టే అనిపించింది. అబద్ధం చెప్పను, చెయ్యి కొంచెం సులువుగా కదిలింది. ఆయన కార్డు ఇచ్చాడు. నేను ఆ కార్డు బ్యాడ్జీ వెనక దాచుకున్నాను.

ఆయన సెంటర్ మాదాపూర్‌లో ఒక గల్లీలో ఉంది. గాజు తలుపు, లోపల చిన్న నీళ్ల ఫౌంటెన్, వేణువు మ్యూజిక్, అగర్‌బత్తి వాసన. గోడ నిండా సర్టిఫికెట్ల ఫ్రేములు. అద్దాలు శుభ్రంగా తుడిచి ఉన్నాయి, నాకు అదే నచ్చింది. ఆ సర్టిఫికెట్లు ఏ కోర్సువో, ఎక్కడివో చదవలేదు.

పడుకోబెట్టాక మొదట చెప్పేది, “కళ్లు మూసుకోండమ్మా. చూస్తే భయం, భయపడితే ఎనర్జీ బ్లాక్ అవుతుంది.” మూసుకున్నాను. భుజం చుట్టూ, చేతి మీద, కాళ్ల మీద సూదులు. నిజంగా నొప్పి ఏమీ లేదు, చీమ కుట్టినంత. సూదులు ఉంచి వెళ్లిపోతే నాకు నిద్రపట్టేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే మనిషికి, మెత్తటి మంచం మీద ఎవరూ పిలవకుండా కాసేపు పడుకోవడమే పెద్ద వైద్యం. నా నొప్పి తగ్గడంలో సూదిది ఎంత, ఆ మంచానిది ఎంత, ఇప్పటికీ నాకు తెలియదు.

లేచాక ఒక గాజు గొట్టం చూపించారు. నీలం మూత, పైన నా పేరు స్టిక్కర్. అలాంటివి అరలో వరసగా ఉన్నాయి.

“మీ సూదులు మీకేనండీ. ఇందులో దాచి, మళ్లీ వచ్చినప్పుడు మీకే వాడతాం. ఇంకొకళ్లకి చచ్చినా వాడం. అది మా పద్ధతి” అన్నాడు సార్.

నాకు ఎంత బాగా అనిపించిందో చెప్పలేను. క్యాంప్‌లో ప్యాకెట్ చింపారు కదా, ఇక్కడ గొట్టమేమిటి అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మా ఇంట్లో ఎవరి దువ్వెన వాళ్లదే, ఎవరి తువ్వాలు వాళ్లదే. ఇంకొకరు నోరు పెట్టిన గ్లాసుతో నేను నీళ్లు తాగను. నా ఎంగిలి నాకు ఎంగిలి కాదు కదా. ఆ లెక్కన నా సూది నాకు శుభ్రమే అనుకున్నాను. మనందరి బుర్రల్లో ఉండే శుభ్రత ఇదే. ఇంకొకరిది తగలకపోతే చాలు, కడిగారా లేదా అని అడగం. ఆ సార్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే గొట్టాలు వరసగా కనిపించేట్టు పెట్టాడు.

ఎక్సర్‌సైజులు ఆపమన్నాడు. “మేము లోపల సరిచేస్తుంటే మీరు బయట నుంచి లాగితే ఎలాగండీ?” అన్నాడు. గోడ ఎక్కడం ఆగిపోయింది. డాక్టర్ రాసిన షుగర్ మాత్రలు కూడా మానెయ్యమన్నాడు. అవి మాత్రం మానలేదు, ఎందుకంటే మా మేనత్తకు షుగర్‌తో కాలి వేలు తీసేయడం నేను దగ్గరుండి చూశాను. ఆ సంగతి సార్‌కు చెప్పలేదు, తిడతాడని. ఒక మనిషి నా ఒంటికి సూదులు గుచ్చుతున్నాడు, నేను వేసుకునే మందు ఆయనకు చెప్పడానికి నాకు భయం. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే చిరాకు.

నొప్పి కొంత తగ్గింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది. కానీ చెయ్యి మాత్రం ఎక్కడిదక్కడే. వంటింట్లో ఒకసారి ఊరికే వేళ్లు ఎక్కించి చూస్తే, పాత గీత కంటే కిందే ఆగాయి.

తర్వాత భుజం వెనక చిన్న గడ్డ వచ్చింది. ఎర్రగా, చెమటకాయంత. దాని పక్కన ఇంకొకటి. సూదులు గుచ్చిన చోట్లలోనే. నొక్కితే గట్టిగా ఉంది, పెద్ద నొప్పి లేదు. సార్‌కు చూపించాను. ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. నిజంగా సంతోషమే.

“మంచిదండీ. లోపలున్న మురికి బయటకొస్తోంది. ఇన్నాళ్లూ పేరుకున్నది పోవాలి కదా. ఇప్పుడు ఆపకూడదు” అన్నాడు.

మురికి నా ఒంట్లోంచి వస్తోందన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

గడ్డలు పెరిగాయి. ఒకటి పగిలి, పల్చటి చీము కారడం మొదలైంది. యూనిఫాం జాకెట్‌కు అంటుకునేది, విప్పేటప్పుడు పీకినట్టుండేది. ఆ వాసన నాకు పడేది కాదు. రోజంతా ఇతరుల వాష్‌రూమ్‌లు శుభ్రం చేయించే నేను, లిఫ్ట్‌లో నా పక్కన ఎవరైనా నిలబడితే గోడకు జరిగేదాన్ని.

మల్లేశం గట్టిగానే అన్నాడు. “మురికి బయటికొస్తుందంటడు, ఏం మురికే అది? నువ్వు పొద్దుమాపు తానం జేస్తవ్. జర అసలు డాక్టర్‌కు చూయించుకుందాం పా.”

“ఇంక నాలుగు సిట్టింగులే ఉన్నయి” అన్నాను. మొత్తం ప్యాకేజీకి ముందే కట్టేశాం మరి.

ఆ తర్వాతిసారి సెంటర్‌కు వెళ్లినప్పుడు, నా వంతు రాకముందు వాష్‌రూమ్‌కు వెళ్లాను. అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు. లోపలికి వెళ్తే నా కళ్లు వాటంతటవే కుళాయి వెనక్కి వెళ్తాయి, అలవాటు. కుళాయి వెనక, వాష్‌బేసిన్ అంచు మీద, ఒక చాయ్ వడగట్టే జాలీ బోర్లించకుండా పెట్టి ఉంది. ప్లాస్టిక్ పిడి, చాయ్‌పత్తా రంగు పట్టేసిన జాలీ. దాన్నిండా సూదులు. సన్నటివి, పొడుగ్గా ఉన్నవి, పొట్టివి, అన్నీ కలిపి. పైనుంచి నీళ్లు కారుతున్నాయి. పక్కన సబ్బు ముక్క, దాని మీద ఎవరిదో వెంట్రుక. అడుగు దూరంలో కమోడ్, మూత తీసే ఉంది.

ఫ్లష్ కొడితే నీటి తుంపరలు ఎంతదూరం ఎగురుతాయో నేను కొత్తవాళ్లకు ట్రైనింగ్‌లో చెప్తాను. టూత్‌బ్రష్ వాష్‌రూమ్‌లో పెట్టకండి అని ఇంట్లో చెప్తాను. అవే సూదులు నా భుజంలో అన్నిసార్లు దిగాయి. నేను వేణువు వింటూ నిద్రపోయాను. ఆ బేసిన్‌లోనే వాంతి చేసుకున్నాను. వాంతి తుంపర కూడా ఆ జాలీ మీద పడే ఉంటుంది. ఛీ.

బయటికి వచ్చి రిసెప్షన్‌లో కూర్చునే ఆమెను అడిగాను. నా వయసామె, ఎప్పుడూ నవ్వుతూ పలకరించేది.

“అక్కా, ఆడ జాలీల ఆ సూదులు ఏంది?”

“కడిగి పెట్టిన మేడం. మందు నీళ్లల్ల ముంచి కడుగుతం. ఆరినంక గొట్టాలల్ల ఏస్త” అంది, దాచకుండా. అందులో తప్పేమిటో ఆమెకు నిజంగానే తెలియదు.

“అన్ని ఒక్కదాంట్లనే ఉన్నయి గద. నాయి ఏయో, వేరేటోళ్లయి ఏయో నీకెట్ల తెలుస్తది?”

“సైజును బట్టి ఏస్తం మేడం” అంది.

సైజును బట్టి. గొట్టం మీద నా పేరు, లోపల ఎవరెవరివో సూదులు. క్యూలో నా పక్కన కూర్చున్న ముసలాయనవి, కాళ్లకు పుండ్లున్న ఆమెవి, ఆ ఐటీ పిల్లలవి, అందరివీ. ఒకరి గ్లాసుతో నీళ్లు తాగని నేను, ఊరందరి నెత్తురు ఒంట్లోకి ఎక్కించుకున్నాను.

లోపలికి వెళ్లి సార్‌నే అడిగాను.

“కంగారు పడకండమ్మా. స్టెరిలైజ్ చేస్తాం కదా” అన్నాడు.

“చాయ్ జాలీలనా సార్?”

“అది డ్రయ్యింగ్‌కి. మీరు అపోహ పడుతున్నారు. ఇలా నెగెటివ్‌గా ఆలోచిస్తే ట్రీట్‌మెంట్ పనిచేయదండీ.”

తప్పు మళ్లీ నాదే అయింది. మొదట మురికి నా ఒంట్లోది, ఇప్పుడు నా ఆలోచనలోది. ఆయన సూదిలో మాత్రం ఏమీ లేదు. నేను బయటికి వచ్చేశాను. బయట ఆటోలో ఎదురుచూస్తున్న మల్లేశంకు చెప్తే, ఆయన సగం దారిలో ఆటో వెనక్కి తిప్పాడు. నేరుగా పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు.

అక్కడ సర్జరీ విభాగంలో ఒక లేడీ డాక్టర్ చూసింది. మొదట మామూలు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. తగ్గలేదు. గడ్డలు ఇంకా వచ్చాయి. అప్పుడు బయాప్సీ తీసి, చీము కల్చర్‌కు పంపారు. ఆ రిపోర్టు రావడానికి వారాలు పట్టింది. ఇంకోపక్క హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ టెస్టులు రాశారు.

“ఇప్పుడు నెగెటివ్ వచ్చినా, కొన్ని నెలల తర్వాత మళ్లీ చేయాలి. అప్పుడే గ్యారంటీ” అంది డాక్టర్ మేడమ్.

నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. నొప్పి భుజానికి అని వెళ్తే, నా నెత్తురును నేనే అనుమానించాల్సిన గతి పట్టించారు. కూరగాయలు కోస్తూ వేలు తెగితే పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. కలిసి తింటే రాదని మేడమ్ చెప్పినా సరే, నా పళ్లెం నేను విడిగా కడుక్కున్నాను. ఎవరి పళ్లెం వాళ్లదన్న నా పట్టింపు నా మీదికే వచ్చింది.

కల్చర్ రిపోర్టులో ఎటిపికల్ మైకోబ్యాక్టీరియా అని వచ్చింది. టీబీ క్రిమికి బంధువులాంటిదట, కుళాయి నీళ్లలో కూడా ఉంటుందట. సరిగ్గా శుద్ధి చేయని సూదులతో చర్మం కిందికి వెళ్తే ఇలా గడ్డలు కడుతుందట.

“సూదులు నావే అయితే ఏం కాకపోతుండెనా మేడం?” అని అడిగాను. నా బుర్రలో ఇంకా ఆ గొట్టమే తిరుగుతోంది.

“మీదైనా ఇంకొకరిదైనా, ఒకసారి చర్మంలోకి వెళ్లొచ్చిన సూది మళ్లీ వాడేది కాదు. మీ పేరు రాసినంత మాత్రాన క్రిమి ఆగుతుందా? డిస్పోజబుల్ సూది. వాడాలి, పారెయ్యాలి. అంతే” అంది ఆమె. “ఆక్యుపంక్చర్ అంటే నాకు కోపమేం లేదు. నొప్పికి కొందరికి ఉపశమనం ఉంటుంది. సరిగ్గా నేర్చుకున్నవాళ్లు, సీలున్న సూదితో చేస్తే పెద్ద ప్రమాదం ఉండదు. షుగర్ ఉంటే ముందే చెప్పాలి, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చెప్పాలి. గుచ్చిన చోట గడ్డ వస్తే అది మురికి పోవడం కాదు, ఇన్‌ఫెక్షన్.”

నెలల తరబడి మందులు. రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ కలిపి. నోరంతా చేదు, ఏం తిన్నా ఇనుము నాకినట్టుండేది. వాంతులు. మధ్యలో ఒకసారి బాగైపోయిందనుకుంటే, మళ్లీ ఒక గడ్డ లోతుగా పాకిందని ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లి కోసి శుభ్రం చేశారు. ఆ గాయం కుట్టలేదు, లోపల్నుంచి పూడాలన్నారు. రోజూ డ్రెస్సింగ్. గాజుగుడ్డ లోపలికి దూర్చేటప్పుడు నేను పైన ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము చూస్తూ పడుకునేదాన్ని. కళ్లు మాత్రం మూసుకోలేదు. ఇంకెప్పుడూ ఎవరి ముందూ మూసుకోనని అక్కడే అనుకున్నాను.

ఆడిట్ నేను లేకుండానే అయిపోయింది. నా స్థానంలో వేరే ఆమెను తాత్కాలికంగా పెట్టారు. మేనేజర్ ఫోన్ చేసి, “గాయం మానేదాకా రాకండి, పాంట్రీలో తిండి సామాన్లు కూడా మీరే చూడాలి కదా” అన్నాడు. అందులో న్యాయం ఉంది, నేనైనా అదే అనేదాన్ని. ఎక్సర్‌సైజులు ఆపేసిన పాపానికి, గాయం వల్ల చెయ్యి కదపకూడనందుకు, భుజం మునుపటి కంటే బిగుసుకుపోయింది. మచ్చ లోపల గట్టిపడితే చెయ్యి పూర్తిగా లేవకపోవచ్చని కూడా చెప్పారు.

గాయం పూడాక మళ్లీ ఫిజియోథెరపీ మొదలుపెట్టారు. అదే గోడ ఎక్కడం. మొదటి రోజు వేళ్లు నా గడ్డం ఎత్తులో ఆగాయి. పాత కాటుక గీతలు అన్నీ పైన ఉన్నాయి, వెక్కిరిస్తూ. మల్లేశం సున్నం వేయిస్తానన్నాడు, వద్దన్నాను. ఈసారి వారానికి వారం గీత కదలకపోయినా ఆపలేదు. నొప్పికి తిట్టుకుంటూ ఎక్కాను. తిట్టింది ఎవరినో వేరే చెప్పాలా.

సెంటర్ మీద ఆరోగ్య శాఖకు ఫిర్యాదు కూడా ఇచ్చాం. తనిఖీకి వచ్చిన రోజు అరలో ఒక్క గొట్టం కూడా లేదట. కొత్త ప్యాకెట్లు దొంతర పెట్టి చూపించాడట. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఆడిట్ రోజు ఎలాంటి వాష్‌రూమ్ అయినా మెరుస్తుంది, ఆ సంగతి నాకు చెప్పాలా.

మొదటిసారిలాగే రెండోసారి చేసిన టెస్టులన్నీ కూడా నెగెటివ్ వచ్చాయి. ఆ కాగితం మల్లేశం చూడ్డానికి భయపడి, అన్నం తింటున్న నా చేతికే ఇచ్చాడు. నేను చదివి చెప్పాక ఆయన నా పళ్లెం తీసుకుని, అందులో మిగిలిన అన్నం తిన్నాడు. నేను ఆపలేదు.

ఉద్యోగంలో మళ్లీ చేరాను. చేరిన కొన్నాళ్లకే ఫుడ్‌కోర్టులో మళ్లీ వెల్‌నెస్ క్యాంప్. బల్లలు వేయించమని నాకే చెప్పారు. వచ్చింది ఆయనే. అదే తెల్ల కోటు, అదే మెత్తటి గొంతు. అడ్మిన్ మేనేజర్‌కు ఆయన సంగతంతా ముందే చెప్పాను. “పై నుంచి ఫిక్స్ అయింది సుజాతా, తర్వాత చూద్దాం” అన్నాడు.

నేను వెళ్లి క్యూలో నిలబడ్డాను. యూనిఫాంలోనే, బ్యాడ్జీ పిల్లల మధ్య. నా వంతు వచ్చింది. ఆయన తల ఎత్తకుండా కొత్త ప్యాకెట్ చింపుతున్నాడు.

“ఎక్కడండీ నొప్పి?”

“నా గొట్టం ఏది సార్?” అన్నాను.

తలెత్తాడు. గుర్తుపట్టాడు. “ఏ గొట్టమండీ?”

“నా పేరు రాసింది. నీలం మూతది. ఈడ ప్యాకెట్ చింపుతున్నరు మంచిగ. ఆడికి ఒచ్చినంక గొట్టంలకెళ్లి తీస్తరు గద. గా జాలీ తెచ్చినరా?”

కొంగు జరిపి, జాకెట్ మెడ పక్కకు లాగి భుజం వెనక మచ్చలు వెనకున్నవాళ్లకు కనిపించేట్టు తిరిగాను. వెనకున్న అమ్మాయి, “ఏం జాలీ ఆంటీ?” అని అడిగింది. చెప్పాను. కమోడ్‌తో సహా చెప్పాను. అడ్మిన్ మేనేజర్ పరిగెత్తుకొచ్చి, “సుజాతా, ప్లీజ్” అన్నాడు. “నేను గూడ నొప్పి చూపెట్టుకునేతందుకే ఒచ్చిన సార్” అన్నాను. క్యూలో కొందరు వెళ్లిపోయారు. కొందరు అక్కడే నిలబడ్డారు, నిలబడి సూది వేయించుకున్నారు కూడా. ఫ్రీగా వస్తుంది కదా, పైగా ఇక్కడ ప్యాకెట్ చింపుతున్నాడు కదా. వాళ్ల మీద కోపం రాలేదు. నేనూ అలాగే వెళ్లాను.

ఆయన అనుకున్న టైం కంటే ముందే సర్దుకుని వెళ్లిపోయాడు. బ్యానర్ మాత్రం వదిలేసి వెళ్లాడు. క్యాంప్ అయ్యాక బ్యానర్లు దించడం మా హౌస్‌కీపింగ్ పనే. ఒకమ్మాయి స్టూల్ తెస్తానంది, వద్దన్నాను. కుడిచెయ్యి ఎత్తాను. భుజం దాటింది, చెవి దాటింది, బ్యానర్ తాడు ముడి దాకా వెళ్లింది. అక్కడ కొంచెం పట్టేసింది, ఇప్పటికీ పట్టేస్తుంది. తాడు విప్పి బ్యానర్ కింద పడేశాను. బ్యానర్ కట్టిన కడ్డీ పైన వేలు పెట్టి రాశాను. దుమ్ముంది. తుడవమన్నాను.

ఆక్యుపంక్చర్‌కు వెళ్లొద్దని నేను చెప్పను, అది చెప్పడానికి నేను డాక్టర్‌ని కాదు. వెళ్తే మాత్రం ఒక్కటి చెయ్యండి. మొదటి రోజు మాత్రమే కాదు, ప్రతి సిట్టింగ్‌కూ, సీలున్న ప్యాకెట్ మీ కళ్ల ముందు చింపిన సూదే వేయించుకోండి, తీసిన సూది డబ్బాలో పారేసేదాకా చూడండి. కళ్లు మూసుకోమంటే లేచి వచ్చేయండి.